రోమా 1:16 – సువార్తను గూర్చి సిగ్గుపడకపోవడానికి పౌలు చెప్పిన కారణం

"సువార్తనుగూర్చి నేను సిగ్గుపడువాడను కాను" అన్న వాక్యాన్ని మీ సంఘంలో యువజనుల కూటంలో కంఠతా నేర్పించారనీ, ఆఫీసులో తోటివారి మధ్య విశ్వాసం గురించి నోరు విప్పడానికి జంకుతున్నందువల్ల ఆ వాక్యం వినబడినప్పుడల్లా మీకు మనసులో గుచ్చుకుంటోందనీ వ్రాశారు. దానితోపాటు, అక్కడ చెప్పిన "దేవుని శక్తి" అంటే స్వస్థతలూ అద్భుతాలేనా అనీ, "మొదట యూదునికి" అనడం దేవుని పక్షపాతం కాదా అనీ అడిగారు. అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు వ్రాసిన ఈ రోమా పత్రికను చాలాకాలంగా బైబిలు తరగతుల్లో బోధిస్తున్నవాడిగా నేను గ్రహించినది వివరంగా వ్రాస్తున్నాను. జవాబు కొంత దీర్ఘంగా ఉంటుంది. ఈ వాక్యాన్ని దాని చుట్టూ ఉన్న వాక్యాల నుంచి విడదీసి చెప్పడం వల్లనే మీలాంటివారికి ఇంత భారం కలుగుతోందని నా అభిప్రాయం కనుక, క్లుప్తంగా చెప్పడం నాకిష్టం లేదు.

ముందుగా వాక్యాన్ని పూర్తిగా చూద్దాం. "సువార్తనుగూర్చి నేను సిగ్గుపడువాడను కాను. ఏలయనగా నమ్ము ప్రతివానికి, మొదట యూదునికి, గ్రీసుదేశస్థునికి కూడ రక్షణ కలుగజేయుటకు అది దేవుని శక్తియై యున్నది." గోడ క్యాలెండర్ల మీద, కూటాల బ్యానర్ల మీద మనకు సాధారణంగా కనిపించేది ఇందులోని మొదటి భాగం మాత్రమే. ఆ భాగాన్ని ఒంటరిగా చదివితే అది ధైర్యవంతుడైన ఒక మనిషి చేసిన ప్రతిజ్ఞలాగా, మనం కూడా అలాగే ఉండాలని ఇచ్చిన ఆజ్ఞలాగా వినిపిస్తుంది. అయితే పౌలు ఇక్కడ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వడం లేదు. తన సంగతి ఒకటి చెప్పి, ఆ వెంటనే దానికి కారణం చెబుతున్నాడు, ఆ కారణానికి మరొక కారణం చెబుతున్నాడు. 15వ వచనంలో, రోమాలో ఉన్న మీకు కూడా సువార్త ప్రకటించడానికి నేను సిద్ధంగా ఉన్నానంటాడు. ఎందుకు సిద్ధంగా ఉన్నాడంటే, సువార్తను గూర్చి అతడు సిగ్గుపడడు. ఎందుకు సిగ్గుపడడంటే, అది రక్షణ కలుగజేసే దేవుని శక్తి. అది ఎలా దేవుని శక్తి అయిందంటే, 17వ వచనం ప్రకారం దేవుని నీతి దానిలో బయలుపరచబడుతోంది. ఆ నీతి అవసరం మనుషులకు ఎందుకు కలిగిందంటే, 18వ వచనం నుంచి మూడవ అధ్యాయం 20వ వచనం దాకా అతడు వివరించినట్టు, యూదులైనా, యూదులు కాని అన్యజనులైనా అందరూ పాపానికి లోబడి, దేవుని ఉగ్రతకు పాత్రులై ఉన్నారు. ఇలా ఒక కారణం కింద మరొక కారణాన్ని పునాదిగా వేస్తూ పౌలు కిందికి దిగుతున్నాడు. పౌలు గుండె నిబ్బరం ఈ పునాదిలో ఎక్కడా లేదు. ఉన్నదంతా సువార్త ఎలాంటిది, దేవుడు ఏం చేశాడు, మనుషులు ఏ స్థితిలో ఉన్నారు అన్న సంగతులే.

అయితే సిగ్గు అన్న ప్రస్తావన అసలు ఎందుకు వచ్చింది? సిగ్గుపడడానికి అవకాశమే లేని చోట "నేను సిగ్గుపడను" అని ఎవరూ అనరు. పౌలు ఈ పత్రికను క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథు నుంచి వ్రాశాడు. అప్పటికి రోమా అతడు చూడని నగరం. నీరో చక్రవర్తి పాలన మొదలై కొన్నేళ్ళే అయింది. అధికారం, సైన్యం, చట్టం, ధనం అన్నీ ఒకచోట పోగైన ఆ రాజధానికి పౌలు తీసుకుపోవాలనుకుంటున్న సందేశం ఏమిటంటే, యూదయలో ఆ సామ్రాజ్యం నియమించిన గవర్నరే మరణశిక్ష విధించి సిలువ వేయించిన ఒక యూదుడు సమస్త లోకానికీ ప్రభువు అని, దేవుడు ఆయనను మృతులలోనుంచి లేపాడని. ఈ మాట ఆనాటి చెవులకు ఎలా వినిపించేదో మనం ఊహించుకోవడం కష్టం, ఎందుకంటే మనకు సిలువ అంటే గోపురం మీద కనిపించే గుర్తు, మెడలో వేసుకునే గొలుసు. రోమావారికి అది బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. పౌలుకు సుమారు నూరేళ్ళ ముందు, క్రీ.పూ. 63లో, రోమా వక్త, న్యాయవాది సిసెరో ఒక వ్యాజ్యంలో వాదిస్తూ, సిలువ అన్న మాట కూడా రోమా పౌరుని ఆలోచనకు, కళ్ళకు, చెవులకు దూరంగా ఉండవలసిందని అన్నాడు. యూదులకైతే ద్వితీయోపదేశకాండము 21:23 ఉండనే ఉంది. మ్రాను మీద వ్రేలాడదీయబడినవాడు దేవుని దృష్టికి శాపగ్రస్తుడు. అటువంటివాడే వారు ఎదురుచూస్తున్న రక్షకుడైన మెస్సీయ అని చెప్పడం వారికి తల తిరిగిపోయే మాట.

రోమాలోని పలటైన్ కొండ మీద 1857లో తవ్వకాలు జరిపినప్పుడు ఒక గోడ గచ్చు మీద గీసిన బొమ్మ బయటపడింది. పౌలు కాలం తరువాతిది; క్రీ.శ. 200 ప్రాంతానిదని చాలామంది పండితుల అంచనా. సిలువ మీద గాడిద తల ఉన్న ఒక మనిషి ఆకారం, దాని ఎదుట చెయ్యి ఎత్తి నిలబడిన ఒక యువకుడు, ఆ కింద వంకరటింకర గ్రీకు అక్షరాలలో "అలెక్సమెనోసు తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు" అన్న వ్రాత. ఆ అలెక్సమెనోసు ఎవరో, తరువాత అతనికి ఏమైందో చరిత్ర చెప్పదు. తోటివారు అతని విశ్వాసాన్ని చూసి గోడల మీద బొమ్మలు గీసి ఎగతాళి చేశారన్నది మాత్రం ఆ గచ్చు మీద నేటికీ కనబడుతుంది. మీరు ఆఫీసులో అనుభవించే ఇబ్బంది ఈనాటిది కాదని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావించాను.

పౌలు విషయంలోనూ ఇదే నిజం. ఈ పత్రిక వ్రాయడానికి ముందే ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టించుకుని చెరసాలలో పడ్డాడు, థెస్సలొనీకయ నుంచి రాత్రివేళ వెళ్ళిపోవలసి వచ్చింది, ఏథెన్సులో మృతుల పునరుత్థానం అనగానే కొందరు అపహాస్యం చేశారు. ఆ తరువాత అతడు వచ్చినది కొరింథుకు. మొదటిసారి ఆ పట్టణానికి వచ్చినప్పటి తన స్థితిని తరువాత అతడే ఇలా వ్రాశాడు: "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని" (1 కొరింథీ 2:3). అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ప్రభువు రాత్రివేళ దర్శనంలో అతనితో భయపడక మాటలాడుమని, మౌనంగా ఉండవద్దని చెప్పవలసి వచ్చింది. భయమే లేనివానికి ఆ మాట చెప్పవలసిన అవసరం ఉండదు కదా. కొన్నేళ్ళ తరువాత అదే కొరింథులో, గాయియు ఇంట అతిథిగా ఉండి, తెర్తియు చేత వ్రాయిస్తూ, "సువార్తనుగూర్చి నేను సిగ్గుపడువాడను కాను" అన్నాడు. అంటే వణికిన మనిషే ఈ మాట పలికాడు. భయం కలగడం వేరు, సువార్త తక్కువదని భావించి దానిని దాచుకోవడం వేరు. మార్కు 8:38లో ప్రభువు హెచ్చరించినది ఈ రెండవదాని గురించి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీలో ఉన్నది మొదటిదే.

ఇప్పుడు "దేవుని శక్తి" సంగతికి వద్దాం. ఇక్కడ నేను కొంత గట్టిగానే చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ వాక్యానికి ఎక్కువ హాని జరిగినది ఇక్కడే. సువార్త దేవుని శక్తి అన్నప్పుడు పౌలు ఆ శక్తి దేనికోసమో కూడా అదే వాక్యంలో చెప్పాడు: "రక్షణ కలుగజేయుటకు." రోమా పత్రికలో రక్షణ అంటే ఏమిటో పౌలు మనల్ని ఊహించుకోమని వదిలిపెట్టలేదు. 5:9లో అది క్రీస్తు రక్తము వలన నీతిమంతులుగా తీర్చబడినవారు ఉగ్రత నుంచి తప్పింపబడడం. ఆరవ అధ్యాయంలో పాపానికి దాసులుగా ఉన్నవారు దాని ఏలుబడి నుంచి విడుదల పొందడం. ఎనిమిదవ అధ్యాయంలో మన శరీరాలతో పాటు మూలుగుతున్న సృష్టి అంతా విడుదల కోసం కనిపెట్టడం. 13:11లో, మనం విశ్వసించిననాటి కంటే ఇప్పుడు రక్షణ మనకు మరింత సమీపంగా ఉందనడం. జరిగిపోయినది, జరుగుతున్నది, జరగబోయేది, ఈ మూడూ అందులో ఉన్నాయి. మరణానికీ పాపానికీ తీర్పుకూ సంబంధించిన ఆ మొత్తం కార్యాన్ని తలనొప్పి తగ్గడం, వీసా రావడం, అప్పు తీరడం దగ్గరికి కుదించి చెప్పడం వాక్యాన్ని పెద్దది చేసినట్టు కనిపిస్తుంది గాని నిజానికి చిన్నది చేస్తుంది.

దేవుడు స్వస్థపరచడని నేను అనడం లేదు. తన పరిచర్యలో సూచకక్రియలు, మహత్కార్యాలు జరిగాయని పౌలే ఈ పత్రిక 15:19లో చెప్పాడు. రోగుల కోసం ప్రార్థించడం సంఘం విధి, నేనూ ప్రార్థిస్తాను. కాని అదే పౌలు తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని ముమ్మారు వేడుకున్నప్పుడు "నా కృప నీకు చాలును" అన్న జవాబు పొందాడు (2 కొరింథీ 12), ట్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచివచ్చానని వ్రాశాడు (2 తిమోతి 4:20). అందుచేత జబ్బు నయం కాని విశ్వాసి దగ్గరికి వెళ్ళి, సువార్త దేవుని శక్తి కాబట్టి నీకు నయం కాకపోవడం నీ అవిశ్వాసమే అని ఈ వాక్యాన్ని చూపి చెప్పడం ఘోరమైన అన్యాయం. క్యాన్సరుతో మంచం పట్టిన ఒక తల్లి చివరి రోజుల్లో, తన విశ్వాసం చాలలేదేమోనన్న దిగులుతో ఈ వచనాన్నే నా ఎదుట చదివి ఏడ్చింది. ఎవరో సభలో అలా చెప్పగా విన్నది. ఆమెకు నేను చేసినదల్లా ఎనిమిదవ అధ్యాయం చివరి భాగం నెమ్మదిగా చదివి వినిపించడం. మరణమైనను జీవమైనను క్రీస్తు ప్రేమ నుంచి మనలను ఎడబాపలేవని అక్కడ ఉంది. రోమా 1:16లోని శక్తి చేరుకోవలసిన చోటు అది. ఆమె మరణించింది, ఆ శక్తి ఆమె విషయంలో విఫలమైందని నేను ఎన్నడూ అనుకోలేదు.

మరొక సంగతి గమనించండి. సువార్తలో శక్తి గురించిన సమాచారం ఉందని గాని, సువార్త విన్న తరువాత మనం ప్రయాసపడితే శక్తి దొరుకుతుందని గాని పౌలు అనలేదు. సువార్తయే దేవుని శక్తి అన్నాడు. క్రీస్తు మన పాపముల నిమిత్తం మృతిపొంది, సమాధి చేయబడి, మూడవ దినాన లేచాడన్న వార్త ప్రకటించబడినప్పుడు ఆ వార్త ద్వారా దేవుడే పని చేస్తాడు. కనుక ఫలితం చెప్పేవాని వాక్చాతుర్యం మీద ఆధారపడదు. బోధకులమైన మాకు ఇది పెద్ద ఓదార్పు, అదే సమయంలో గట్టి హెచ్చరిక కూడా. సంగీతంతో, కంఠస్వరంతో, ఉద్వేగంతో ప్రజలను కదిలించి దానినే దేవుని శక్తి అనుకోవడం మాకు ఎప్పుడూ పొంచి ఉన్న శోధన.

"నమ్ము ప్రతివానికి" అన్న మాటను చాలామంది ఒక షరతుగా వింటారు, అంటే దేవుడు ఇచ్చే రక్షణకు మనం చెల్లించే వెల మన విశ్వాసం అన్నట్టు. నాలుగవ అధ్యాయంలో పౌలు ఈ అపోహను తానే తొలగించాడు. పని చేసేవానికి ఇచ్చే జీతం యజమాని చెల్లించవలసిన ఋణమే గాని దానం కాదు; అయితే పని చేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చే దేవునియందు విశ్వాసముంచినవాని విశ్వాసం నీతిగా ఎంచబడుతుంది. నెలంతా కూలి చేసి కూలి డబ్బులు అందుకున్నవాడు మేస్త్రీ నాకు దానం చేశాడని అనడు. రక్షణ విషయంలో ఆ లెక్క ఎక్కడా లేదు. అబ్రాహాము నీతిమంతునిగా ఎంచబడినది ఆదికాండము 15వ అధ్యాయంలో. అతడు సున్నతి పొందినది 17వ అధ్యాయంలో. ఆ వరుసనే పౌలు తన వాదానికి ఆధారంగా తీసుకున్నాడు. విశ్వాసం ఎంత గట్టిదన్న ప్రశ్న కంటే విశ్వాసం ఎవరిమీద ఉన్నదన్నదే అక్కడ ముఖ్యం.

"మొదట యూదునికి" అన్న మాట మీకు పక్షపాతంగా తోచింది. రెండవ అధ్యాయం 9, 10 వచనాలు చూస్తే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. దుష్కార్యం చేసేవానికి శ్రమ కూడా మొదట యూదునికే వస్తుందని, సత్క్రియ చేసేవానికి మహిమ కూడా మొదట యూదునికే అని చెప్పి, ఆ వెంటనే దేవునికి పక్షపాతం లేదని పౌలు స్పష్టంగా వ్రాశాడు. మొదట అన్నది చరిత్రలోని వరుస. వాగ్దానాలు అబ్రాహాము సంతానానికి ఇవ్వబడ్డాయి, ధర్మశాస్త్రం వారికి అప్పగించబడింది, శరీరమునుబట్టి క్రీస్తు వారిలోనే పుట్టాడు (9:4, 5). ఇశ్రాయేలు కథ లేకుండా సువార్త అర్థం కాదు. ఆ వరుస వారిని ఎక్కువ సులువుగా రక్షించదు, అన్యజనులను తక్కువగా రక్షించదు. "గ్రీసుదేశస్థునికి కూడ" అన్న మాటతో తలుపు బార్లా తెరిచి ఉంది.

ఈ మాట రోమాలో ఎందుకు అవసరమైందో తెలిస్తే దాని పదును తెలుస్తుంది. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్ళగొట్టాడని అపొస్తలుల కార్యములు 18:2లో ఉంది. అకుల, ప్రిస్కిల్ల దంపతులు అలా వెళ్ళగొట్టబడే కొరింథుకు చేరుకున్నారు. అది క్రీ.శ. 49లో జరిగిందని సాధారణంగా లెక్క కడతారు. క్లౌదియ 54లో మరణించాడు. రోమా పత్రిక వ్రాసేనాటికి అకుల, ప్రిస్కిల్ల మళ్ళీ రోమాలో ఉన్నారు, వారి ఇంట ఒక సంఘం కూడుకుంటోంది (16:3–5). దీనినిబట్టి చాలామంది వ్యాఖ్యాతలు ఊహించేది ఏమిటంటే, యూదా విశ్వాసులు లేని ఆ ఏళ్ళలో సంఘాలు అన్యజనుల చేతుల్లోకి వెళ్ళాయి, తిరిగి వచ్చినవారికి తమ ఇంట్లోనే తాము పరాయివారైనట్టు అయింది. 14వ అధ్యాయంలో కూరగాయలే తినేవారి గురించి, దినాలను ఆచరించేవారి గురించి, ఒకరినొకరు తృణీకరించవద్దని పౌలు అంత వివరంగా వ్రాయడం, 11వ అధ్యాయంలో అంటుకట్టబడిన అడవి ఒలీవ కొమ్మ సహజమైన కొమ్మల మీద అతిశయించవద్దని అన్యజనులను హెచ్చరించడం ఈ నేపథ్యంలో చదివితే బాగా అర్థమవుతాయి. కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబే రోమాకు వస్తున్నదని, ఆమెను చేర్చుకొమ్మని 16వ అధ్యాయం చెబుతోంది. పత్రికను తీసుకువెళ్ళినది ఆమెయే అయి ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఆ ఇళ్ళలో ఈ పత్రిక చదివి వినిపించినప్పుడు, ఒకే గదిలో యూదుడూ గ్రీకువాడూ పక్కపక్కన కూర్చుని, ఒకే శక్తి, ఒకే విశ్వాసం, ఒకే రక్షణ అన్న మాట కలిసి వినవలసి వచ్చింది.

తెలుగు క్రైస్తవులమైన మనం ఈ భాగాన్ని దూరపు చరిత్రగా దాటవేయలేము. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మన పెద్దలు క్లౌ దొర అని పిలిచే ఆయన, 1866లో ఒంగోలుకు వచ్చిన తొలినాళ్ళలో పట్టణంలోని అగ్రకులస్థులు తమ పిల్లలను ఆయన పాఠశాలకు పంపసాగారు. మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య విశ్వసించి, అతని సాక్ష్యం ద్వారా ఆ కులంవారు రావడం మొదలైనప్పుడు, వారిని చేర్చుకుంటే తమ పిల్లలు ఇక రారని ఆ పెద్దలు చెప్పారు. పలుకుబడి గలవారిని పోగొట్టుకోవడమా, పేదలను పొమ్మనడమా అన్న ఇరకాటంలో క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచినప్పుడు ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందని ఆయన చెప్పుకున్నాడు. మీలో లోకరీతిని జ్ఞానులైనను గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదన్న 1 కొరింథీ 1:26 భాగం అది. వారు మాదిగలను చేర్చుకున్నారు. 1876–78 నాటి కరువులో తిండికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపి ఉంచి, ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆనాడు ఒంగోలులో ఎదురైన సిగ్గు సిద్ధాంతానికి సంబంధించినది కాదు. ఈ సువార్త ఎవరిని మన పక్కన కూర్చోబెడుతుందో, ఆ మనుషులను గురించిన సిగ్గు.

ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అంతియొకయలో యెరూషలేమువారు వచ్చేసరికి పేతురు అన్యజనులతో భోజనం చేయడం మానుకొని వెనుకకు తీసినప్పుడు, పౌలు అతన్ని అందరి ఎదుట నిలదీశాడు. సువార్త సత్యానికి తగినట్టు నడుచుకోవడం లేదని అన్నాడు (గలతీ 2:14). పేతురు ఆనాడు తప్పు బోధ ఏదీ చేయలేదు, బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళాడంతే. ఆ ఒక్క పనిని పౌలు సువార్తకు విరోధమైనదిగా ఎంచాడు. ఆదివారం రొట్టె, ద్రాక్షారసం కలిసి పుచ్చుకొని, సోమవారం పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి కులం ఏదని మొదట అడిగే మన అలవాటును ఈ వెలుగులో చూసుకోవాలి. రోమా 1:16ను బిగ్గరగా పలికి ఆ ప్రశ్న అడిగే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మనందరికీ తెలుసు, నా సంఘంలోనూ ఉన్నాయి. సువార్తను గూర్చి నిజంగా సిగ్గుపడుతున్నది అక్కడేనని నేను బలంగా నమ్ముతున్నాను.

17వ వచనంలోని "దేవుని నీతి" గురించి మీరు అడగలేదు గాని, 16వ వచనం నిలబడినది దాని మీదనే కనుక కొద్దిగా చెప్పక తప్పదు. పదహారవ శతాబ్దపు సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1545లో తన లాటిను రచనల సంపుటికి వ్రాసిన ముందుమాటలో, యౌవనంలో తాను ఈ మాటను ద్వేషించానని చెప్పుకున్నాడు. పాపిని శిక్షించే దేవుని నీతి అని దానిని అర్థం చేసుకున్నాడు. సువార్తలో కూడా అదే నీతి బయలుపడితే ఇక పాపికి దిక్కెక్కడ అని కుమిలిపోయాడు. రాత్రింబగళ్ళు ధ్యానించిన మీదట, ఇది దేవుడు కృపచేత విశ్వాసికి అనుగ్రహించే నీతి అని గ్రహించినప్పుడు పరదైసు తలుపులు తెరుచుకున్నట్టు అనిపించిందన్నాడు. ఈ మాటను దేవుడు ఇచ్చే నీతి అనాలా, తన వాగ్దానాలకు దేవుడు నమ్మకంగా నిలిచే నీతి అనాలా అని నేటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు 3:26 చాలు: దేవుడు తాను నీతిమంతుడై ఉండి, యేసునందు విశ్వాసముగలవానిని నీతిమంతునిగా తీర్చేవాడై ఉన్నాడు. పాపాన్ని చూసీచూడనట్టు వదిలితే ఆయన నీతిమంతుడు కాడు; పాపిని తీర్పుకే వదిలితే మనకు రక్షణ లేదు. సిలువలో ఈ రెండూ కలిశాయి. అందువల్లనే సిలువను గురించిన వార్తలో దేవుని శక్తి ఉందని పౌలు అనగలిగాడు. 17వ వచనంలోనే పౌలు ఎత్తి చూపిన హబక్కూకు మాట, నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకుననేది, కల్దీయుల (బబులోనువారి) దండు యూదా మీదికి రాబోతున్న రోజుల్లో ప్రవక్తకు ఇవ్వబడింది. పరిస్థితి ఏమాత్రం మెరుగుపడకముందే ఇచ్చిన మాట అది.

ఇక ఆఫీసు సంగతి. ఈ వాక్యం మీ ధైర్యాన్ని కొలిచే పరీక్ష కాదని ఇప్పటికి గ్రహించి ఉంటారు. ప్రతి సంభాషణనూ బలవంతంగా దేవుని వైపు తిప్పమని, భోజన విరామంలో కరపత్రాలు పంచమని ఇక్కడ లేదు. 14వ వచనంలో పౌలు తనను తాను ఋణస్థునిగా చెప్పుకున్నాడు. గ్రీసుదేశస్థులకును, గ్రీసుదేశస్థులు కానివారికిని, జ్ఞానులకును, మూఢులకును తాను ఋణపడ్డానన్నాడు. ఋణపడినవాడు ఋణదాత ఎదుట దర్పంగా నిలబడడు, అతన్ని తప్పించుకొని తిరగనూ తిరగడు. మీ తోటి ఉద్యోగి మీకు వేరే మతస్థుడు కావచ్చు, ఏ మతమూ లేనివాడు కావచ్చు. ఈ లెక్కన మీరు గౌరవంతో, నిజాయితీతో చూడవలసిన మనిషి అతడు. అతని దేవుళ్ళను కించపరచే మాట మీ నోట రాకూడదు. మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగినవారికి సాత్వికంతోను భయంతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని 1 పేతురు 3:15 చెబుతోంది. సిద్ధంగా ఉండడమన్నది మనం నేర్చుకోగలిగిన పని, దానికి పుట్టుకతో వచ్చే ధైర్యం అక్కరలేదు.

ఎలా సిద్ధపడాలంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం రోమా 1:1 నుంచి 3:26 దాకా ఆపకుండా ఒక్కసారి చదవండి. చదివిన తరువాత, మీ పక్క కుర్చీలో పనిచేసే స్నేహితుడు "మీరు క్రీస్తును ఎందుకు నమ్ముతారు" అని అడిగితే ఏం చెబుతారో నాలుగైదు వాక్యాలలో కాగితం మీద వ్రాసుకోండి. అందులో మీకు కలిగిన మేలుల కంటే ముందు, క్రీస్తు ఎవరు, ఆయన ఎందుకు మరణించాడు, దేవుడు ఆయనను లేపినందువల్ల ఏమి మారింది అన్నవి ఉండాలి. మన సాక్ష్యాలు తరచుగా మన గురించే చెప్పుకోవడంతో ముగుస్తాయి, అందుకే చెబుతున్నాను. మీ స్నేహితుడు వాడే మామూలు మాటలలోనే వ్రాయండి. "నీతిమంతునిగా తీర్చబడుట" వంటి మాట మనకు అలవాటు, అతనికి అది కొత్త. వ్రాసినది మీ సంఘ పెద్దలలో ఒకరికి చూపించండి, లేదా ఇక్కడే పెట్టండి, నేను చదివి నాకు తోచినది చెబుతాను. అతడు అడిగేదాకా ఆగినా తప్పు లేదు.